మాట్లాడని సీన్ అంతసేపు ఎందుకు?

రాత్రి ఏడు దాటాక నెల్లూరులో ఏ వీధిలో నడిచినా రెండు మూడు ఇళ్ళ నుంచి ఒకే సీరియల్ వినిపిస్తుంది. చూసేవాళ్ళకంటే వినేవాళ్ళే ఎక్కువ. ఒకరు పొయ్యి దగ్గర దోసె తిప్పుతుంటారు, ఇంకొకరు పిల్లల హోంవర్క్ చూస్తుంటారు. హీరోహీరోయిన్లు మాట ఆపి ఒకరినొకరు చూసుకుంటున్నారంటే వంటింటిదాకా వచ్చేది వయొలిన్ ఒక్కటే. "ఇంకా చూసుకుంటానే ఉండారా?" అని అత్త కేకేస్తే, "ఉండారు అత్తమ్మా, మీరు చట్నీ కూడా రుబ్బుకోండి" అంటుంది కోడలు.

ఈ సాగదీతను తిట్టడం తేలికే. కానీ నోరు మూయించి కంటితో కథ నడపడం టీవీవాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. ఈ జిల్లాలోనే దానికి ఏడు వందల ఏళ్ళు దాటిన ఉదాహరణ ఉంది.

13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన రాసిన విరాటపర్వం తీసుకోండి. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని తన్నాడు. వలలుడనే పేరుతో వంటవాడి వేషంలో ఉన్న భీముడు పల్లెత్తు మాట అనలేదు, పక్కనున్న పెద్ద చెట్టు వైపు చూశాడు. పీకి బాదేద్దామని. ధర్మరాజు ఆ చూపును పట్టేశాడు. "వలలుం డెక్కడఁ జూచె" అని ఎత్తుకుని, చెట్లు ఇంకెక్కడా లేవా, ఇందరికి నీడనిచ్చేదాన్ని వంటకట్టెలకు కొట్టడమెందుకు అన్నాడు. సభకు అది వంటవాడికి చెప్పిన మాట, భీముడికి మాత్రం హెచ్చరిక. ఇది ప్రేమ సన్నివేశం కాదనుకోండి. అయినా ఒకరు చూడటం, ఆ చూపును మరొకరు చదవడం, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకపోవడం అనే మూడూ ఇందులో ఉన్నాయి. నేటి ప్రేమ సీరియల్ బతికేది కూడా వీటి మీదే.

పద్యనాటకం రోజుల్లో ఈ పద్ధతికి చోటు తగ్గింది. చివరి వరసలో కూర్చున్నవాడికి నటుడి కళ్ళు ఏం కనిపిస్తాయి? రాగం తీయాలి, వన్స్‌మోర్ కొట్టించుకోవాలి. ఆకాశవాణి కేంద్రాలు 1938లో మద్రాసులో, 1948లో విజయవాడలో వచ్చాక చిక్కు ఇంకా పెరిగింది. రేడియో నాటకంలో మౌనాన్ని కూడా మాటతోనే చెప్పాలి: "ఏమిటలా మౌనంగా ఉండిపోయావు?" సీరియల్‌లో పెదవులు కదలకుండా 'మనసులో మాట' వినిపిస్తుంది చూడండి, అది రేడియో లక్షణమే. వంటింట్లో ఉన్నవాళ్ళ కోసమే దాన్ని వదల్లేదని నా అనుమానం.

చూపును మళ్ళీ దగ్గరికి తెచ్చింది సినిమా క్లోజప్. సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ 1979లో 'గుప్పెడు మనసు'కు "మౌనమె నీ భాష" అనే పాట రాశారు. మౌనాన్ని చెప్పడానికీ పాట కావాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లావారే అయిన సింగీతం శ్రీనివాసరావు 1987లో 'పుష్పక విమానం'తో ఆ సాయమూ తీసేశారు. సినిమా మొత్తంలో డైలాగ్ లేదు. రోడ్డు మీది రొదలాంటి శబ్దాలన్నీ ఉంటాయి, ప్రేమ మాత్రం చేతి సైగల్లోనే నడుస్తుంది. ఆఖర్లో అమ్మాయి గులాబీకి కాగితం చుట్టి విసిరితే పువ్వు అతనికి దక్కుతుంది, కాగితం కాలవపాలవుతుంది.

టీవీకి వస్తే లెక్క మారింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. అప్పటి సీరియల్ వారానికి ఒకటి. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక డైలీ సీరియల్ ఊపందుకుంది. రోజూ ఒక ఎపిసోడ్ నింపాలంటే క్లోజప్ అంత చవకైన సరుకు లేదు. కొత్త సెట్ అక్కర్లేదు, కొత్త డైలాగ్ అక్కర్లేదు. ఒక నిజం బయటపడితే చాలు, కెమెరా ఇంట్లో ఉన్న ప్రతి మొహం దగ్గరికీ వెళ్ళొస్తుంది. హిందీ నుంచి డబ్బింగ్ అయి వచ్చిన సీరియళ్ళు దానికి ఉరుముల సౌండ్ కూడా జోడించాయి.

కారణం డబ్బు ఒక్కటే కాదు. మన సీరియళ్ళలో హీరోహీరోయిన్లు చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు గొంతు ఇచ్చేది డబ్బింగ్ ఆర్టిస్టులు. మాట్లాడే సీన్‌లో నటన ఇద్దరిదీ. మాట్లాడని సీన్‌లోనే అది పూర్తిగా తెర మీది మనిషిది. 2020 చివర్లో స్టార్ మాలో మొదలైన 'గుప్పెడంత మనసు'లో రిషి, వసుధారల జంటకు అంత అభిమానం రావడానికి ఇదొక కారణమని నేననుకుంటాను. ఒకరికి పొగరు, ఒకరికి పట్టుదల. ప్రేమను నోటితో ఒప్పుకోరు, కళ్ళతో దాచలేరు.

ఇప్పుడు కాలేజీ పిల్లలు సీరియల్ ఎపిసోడ్‌ను ఫోన్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నారు. మొహం జానెడు దూరంలో ఉంటుంది, కనురెప్ప కదిలినా తెలుస్తుంది. అదే ఫోన్‌లో తెర మీద రెండుసార్లు తడితే పది సెకన్లు ముందుకు దూకుతుంది. కొరియన్ డ్రామాలో చూపుల సీన్‌ను రెండోసారి వెనక్కి తిప్పి చూసే పిల్లలే మన సీరియల్ దగ్గర ఆ తట్టుడు మొదలుపెడతారు. అక్కడ చూపు తర్వాత ఇద్దరి మధ్యా ఏదో ఒకటి మారుతుంది. ఇక్కడ బ్రేక్ వస్తుంది, మర్నాడు మళ్ళీ ఆ చూపు నుంచే ఎపిసోడ్ మొదలవుతుంది.