కొండకు ఏ పక్క?

శ్రీలంకకు ఏ నెలలో వెళ్తే మంచిదని అడిగితే సూటిగా జవాబు చెప్పడం కష్టం. ఆ దీవిలో ఒక పక్క వాన దంచుతుంటే ఇంకో పక్క ఎండ కాస్తూ ఉంటుంది. నెలతో పాటు కొండకు ఏ పక్కకో కూడా చెబితేనే లెక్క తేలుతుంది.

దీవి పొడవు సుమారు 435 కిలోమీటర్లు. నడుమ, కాస్త దక్షిణానికి జరిగి కొండలున్నాయి. వాటిలో ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి సముద్రపు తేమతో వచ్చి ఈ కొండల పడమటి వాలును తాకుతుంది. పైకెక్కేకొద్దీ చల్లబడి, తేమలో చాలా భాగాన్ని అక్కడే కురిపించేస్తుంది. వటవల లాంటి చోట్ల ఏడాది వర్షపాతం 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. కొండ దాటి కిందికి దిగే గాలి పొడిబారిపోవడమే కాదు, ఒత్తిడి పెరిగి వేడెక్కుతుంది కూడా. తూర్పున బట్టికలోవా వైపు ఆ వడగాలిని కచ్చాన్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలిది రాజ్యం. అప్పుడు తూర్పు తీరం తడుస్తుంది, నైరుతి తీరం తెరిపిన పడుతుంది.

సర్ఫింగ్ చేసేవాళ్లు నైరుతి గాలి నెలల్లో తూర్పున అరుగమ్ బేలో, చలికాలంలో నైరుతి తీరాన హిక్కడువలో కనిపించడం అందుకే. నీలి తిమింగలాలను చూడాలన్నా అంతే: దక్షిణ తీరాన మిరిస్సలో పడవ ఎక్కాలంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

ఈ గాలుల లెక్క టీ తోటల వాళ్లకు బాగా తెలుసు. తూర్పు వాలు మీది ఊవా తోటల్లో మంచి రుచి గల టీ జూలై–సెప్టెంబరుల్లో వస్తుంది. పొడిగాలికి చిగురు నెమ్మదిగా ఎదిగి, సువాసన చిక్కబడుతుంది. పడమటి వాలు మీది దింబుల తోటలకు ఆ అదృష్టం జనవరి–మార్చి నెలల్లో పడుతుంది. నాకైతే ఏ ఋతుపవనాల మ్యాపు కన్నా ఇదే బాగా గుర్తుంటుంది.

ఉత్తరాన అనూరాధపుర, పొలొన్నరువ వైపు వాన ఎక్కువగా అక్టోబరు–జనవరి మధ్యే. మిగతా కాలానికి నీళ్లు కావాలి కాబట్టి పాత రాజులు చెరువులు తవ్వించారు. మిన్నేరియ చెరువు 3వ శతాబ్దపు మహాసేనుడిది. వానల్లేని నెలల్లో నీళ్లు వెనక్కి తగ్గాక చెరువు అడుగున పచ్చిక మొలుస్తుంది, దాని కోసం ఏనుగులు గుంపులుగా వస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో చూడొచ్చు. చెరువు నిండుగా ఉంటే మేతా ఉండదు, ఏనుగులూ తక్కువే. బయల్దేరే ముందు నీటిమట్టం కనుక్కోవడం మంచిది.

ఉండిపోవడానికైతే ఎత్తు చూసుకోవాలి. కొలంబోలో ఏడాది సగటు 27 డిగ్రీలు, పైగా ఉక్కపోత. 1,868 మీటర్ల ఎత్తున ఉన్న నువర ఎలియలో 16 దగ్గరే. జనవరి రాత్రుల్లో అప్పుడప్పుడూ గడ్డి మీద మంచు పేరుకుంటుంది. చూసి రావడానికి బాగుంటుంది కానీ ఏడాదంతా ఆ చలి, ఆ తడి అందరికీ పడదు. 500 మీటర్ల కాండీయో, 1,200 మీటర్ల బండారవెలో నయం. అయితే కొండ వాలు మీద ఇల్లు తీసుకునేటప్పుడు ఆ నేల చరిత్ర అడగాలి. అక్టోబరు, నవంబరుల్లో గాలులు మారే వేళ వాన కొండకు రెండు పక్కలా పడుతుంది. 2014 అక్టోబరులో బదుళ్ల జిల్లా మీరియబెద్ద టీ తోట దగ్గర కొండచరియలు కూలీల ఇళ్ల మీద పడ్డది ఆ వానలకే.