యాభై దాటిన హెచ్‌ఐవీ, దైవభక్తి: అపోహలు – వాస్తవాలు

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లకు కౌన్సెలింగ్ చేయడం నా పని. 50 ఏళ్లు దాటినవాళ్లతో మాట్లాడుతుంటే మందుల సంగతి అవగానే చాలాసార్లు దేవుడి మాట వస్తుంది. అప్పుడు తరచూ వినపడే అపోహలు ఇవి.

అపోహ: ప్రార్థనతో వైరస్ పోయింది, రిపోర్టే సాక్ష్యం.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని చూసి, మొక్కు ఫలించింది, ఇక మాత్రలెందుకు అంటారు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గిందనే దాని అర్థం. కొన్ని రోగనిరోధక కణాల్లో అది దాగే ఉంటుంది. మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. మధ్యమధ్యలో మందులు ఆపినవాళ్లలో జబ్బులు, మరణాలు ఎక్కువయ్యాయని 2006లో వచ్చిన స్మార్ట్ అధ్యయనం తేల్చింది. గుండె, కిడ్నీ జబ్బులు కూడా అందులో ఉన్నాయి. ఈ వయసులో అసలు భయం వాటితోనే. దేవుడికి దండం పెట్టుకోండి, మాత్ర మాత్రం మానకండి.

అపోహ: ఇది దేవుడు వేసిన శిక్ష.

కాదు. వైరస్ ఎలా సోకుతుందో మనకు తెలుసు. మనిషి మంచివాడా కాదా అన్నదానితో దానికి పనిలేదు. 1996 ప్రాంతంలో కాంబినేషన్ మందులు (కొన్ని మందులు కలిపి వాడే చికిత్స) రాకముందు సోకినవాళ్లు ఎంతోమంది ఆత్మీయులను పోగొట్టుకున్నారు. ‘వాళ్లు పోయి నేనెందుకు మిగిలాను?’ అని ఇప్పటికీ అడుగుతారు. దేవుడు తమను వదిలేశాడని నమ్మేవాళ్లలో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే నేను సూటిగా అడుగుతాను: ‘మీ నమ్మకం మీకు ధైర్యం ఇస్తోందా, భయం పెడుతోందా?’ భయమే అయితే మందులతోపాటు మనసు గురించి కూడా మాట్లాడాలి. నమ్మదగిన మతపెద్ద ఉంటే ఆయన మాట కూడా సాయపడుతుంది. అయితే ఎవరికి చెప్పాలో, చెప్పకూడదో మీ ఇష్టం.

అపోహ: పక్కన కూర్చుని ప్రార్థిస్తే, కలిసి తింటే అంటుకుంటుంది.

అంటుకోదు.

అపోహ: ఉపవాసం రోజు మాత్ర మానేయాలి.

అక్కర్లేదు, కానీ మందును బట్టి జాగ్రత్త ఉంది. హెచ్‌ఐవీ మందుల్లో డోలుటెగ్రావిర్‌ను భోజనం చేసినా చేయకపోయినా వేసుకోవచ్చు. రిల్పివిరిన్ మాత్రలు మాత్రం భోజనంతోనే వేసుకోవాలి. ఎముకల కోసం కాల్షియం, రక్తహీనతకు ఐరన్ వాడేవాళ్లు వాటిని పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకోకూడదు. అవి వేసుకోవడానికి 2 గంటల ముందో, వేసుకున్న 6 గంటల తర్వాతో డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. ఉపవాసాలు మొదలుకాకముందే డాక్టర్‌తో మాట్లాడి మాత్రల వేళలు రాయించుకోండి.