స్వీడిష్ 'రాగం' రాకపోతే కొంపలేం మునగవు

స్టాక్‌హోంలో మనవాళ్లకి స్వీడిష్ నేర్పుతుంటాను. కొత్త బ్యాచ్ మొదలైన రోజే ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, వీళ్లు మాట్లాడుతుంటే పాట పాడినట్టుంటుంది. ఆ రాగం పట్టకపోతే మన మాట ఒక్కటీ అర్థం కాదటగా?"

ఎవరు చెప్పారండీ? ఈ భయంతో అయిదేళ్లు ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చినవాళ్లని చూశాను. వాళ్లని చూస్తే జాలి, ఆ మాట పుట్టించినవాళ్ల మీద మాత్రం ఒళ్లుమంట.

రాగం ఉన్నమాట నిజమే. 'అండెన్' అన్న మాట ఒక స్వరంలో బాతు, ఇంకో స్వరంలో ఆత్మ. అయితే చెరువులో ఈదుతున్నది ఆత్మ అని ఎవరూ అనుకోరు కదా! ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు చాలామంది ఈ తేడానే పాటించరు. వాళ్ల మాట ఇక్కడ అందరికీ అర్థమవుతుంది.

అసలు మనల్ని ముంచేది నిడివి. 'టక్క్' అంటే థాంక్స్. 'టాక్' అని సాగదీశారో, ఇంటి పైకప్పు! మా క్లాసులో ఒకాయన నెలల తరబడి షాపులో డబ్బులిచ్చి "పైకప్పు, పైకప్పు" అని చెప్పి వచ్చాడు, పాపం. 'గ్లాస్' గాజు, 'గ్లస్స్' ఐస్‌క్రీమ్. బళ్లో చదివిన ఛందస్సు గుర్తుందా? స్వీడిష్‌లో నొక్కి పలికే అక్షరం ఎప్పుడూ గురువే. అచ్చు దీర్ఘమైతే హల్లు తేలిక, అచ్చు హ్రస్వమైతే హల్లు ద్విత్వం. 'గడి'కీ 'గడ్డి'కీ తేడా ఉగ్గుపాలతో నేర్చినవాళ్లం, మనకిది కష్టమా?

మిగతా సందేహాలు గబగబా. నాలుక తిరగదా? 'బార్న్' అని రాసి 'బాణ్' అంటారు, పిల్ల అని. అచ్చంగా మన ణ (దక్షిణాన స్కోనేలో అలా అనరు, అది వేరే గోల). జర్మన్ లాంటిదేనా? చుట్టాలు, అంతే. టీవీ బొమ్మలాట 'మపెట్ షో'లో స్వీడిష్ వంటవాడు అనే "బోర్క్ బోర్క్" ఏ భాషా కాదు. ఏడు అంకెకి గొంతులోంచి వచ్చే ఆ వింత శబ్దం రాకపోతే 'షూ' అనండి, ఉత్తరాదివాళ్లు అనేది అదే.

ఉత్తరాది అంటే గుర్తొచ్చింది. ఉమెయోలో నా మొదటి చలికాలం. హీటర్ పనిచేస్తోందా అని ఇంటావిడని అడిగితే, "ష్వుప్" అని గాలి లోపలికి పీల్చింది. గుండెపోటేమోనని పరుగెత్తి నీళ్లు తెచ్చాను. ఆవిడ నెమ్మదిగా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, మళ్లీ "ష్వుప్" అంది. అక్కడ "అవును" అనడం అలాగట.