ఫైబర్ బాడీ హాట్ రాడ్ ట్రక్కు: అపోహలు - వాస్తవాలు

పాతకాలపు బండిని తమకు నచ్చినట్టు మార్చి కట్టుకుంటే దాన్ని హాట్ రాడ్ అంటారు. నేను అలాంటి ట్రక్కుకి ఫైబర్ బాడీ (గాజు నారని రెజిన్ అనే జిగురుతో అతికించి చేసేది) వేశాను. శ్రీకాకుళంలో మా షెడ్డు దగ్గర ఆగినవాళ్లలో సగంమంది అడిగేది ఒకటే, "ఏటి బావూ, ప్లాస్టిక్ బండా? గుద్దితే ముక్కలైపోదా?" అని.

నేను ఈ పని నేర్చుకున్నది కళింగపట్నంలో ఫైబర్ తెప్పలకు ప్యాచ్‌లు వేస్తూ. రోజూ అలల దెబ్బ తిని ఇసుక మీదికి ఈడ్పించుకునే తెప్పే నిలబడుతోంది. షెవ్రొలే కార్వెట్ 1953లో ఫైబర్ బాడీతోనే వచ్చింది. 1932 ఫోర్డ్ అసలు రేకు బాడీలు దొరకడం కష్టమై అమెరికా హాట్ రాడ్‌వాళ్లు ఎప్పటినుంచో ఫైబర్‌వి వాడుతున్నారు. కాకపోతే బరువు మోయాల్సింది ఛాసిస్ (బండి కింద ఉండే ఇనుప చట్రం), బాడీ కాదు. డోర్ బందులు పడేచోట లోపల ఇనుప ప్లేటు పెట్టి మ్యాట్ (గాజు నార పట్టా) వేయకపోతే బోల్టు చుట్టూ పగుళ్లు వచ్చేస్తాయి.

"రెజిన్ ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటుంది" అనేది ఇంకో అపోహ. బలం మ్యాట్‌ది. కిలో మ్యాట్‌కి రెండు, రెండున్నర కిలోల రెజిన్ చాలు, మిగతాదంతా బరువు, పగుళ్లు. కేటలిస్ట్ (రెజిన్‌ని గట్టిపడేలా చేసే మందు) కూడా అంతే, కిలో రెజిన్‌కి 10 నుంచి 20 మి.లీ. మాత్రమే, మన ఎండాకాలంలో 10 దగ్గరే ఆగాలి, తొందరపడి ఎక్కువ పోస్తే మగ్గులోనే పొగలు కక్కి గడ్డకట్టేస్తుంది. కోబాల్ట్‌ని (రెజిన్ త్వరగా గట్టిపడటానికి వేసే ఇంకో మందు) ముందు రెజిన్‌లో బాగా కలిపాకే కేటలిస్ట్ వేయాలి, ఆ రెండూ నేరుగా కలిశాయంటే పేలుతుంది. దయచేసి పనికొచ్చిన కుర్రాళ్లకి ఈ మాట మొదటిరోజే చెప్పండి.

లేయర్ ఆరాక రూపాయి బిళ్లతో తట్టి చూడండి. టంగుమనకుండా డొల్లగా పలికితే లోపల గాలి ఉన్నట్టే, కోసి మళ్లీ వేయాల్సిందే.

"ఫైబర్ కాబట్టి తుప్పు గొడవ లేదు" అంటారు. బాడీకి లేదు, కింద ఛాసిస్‌కి ఉంది, పైగా మనది ఉప్పుగాలి.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం వైరింగ్. రేకు బండిలో బాడీయే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి. ఫైబర్‌లో కరెంటు పారదు కదా! అది తెలిసి కూడా అలవాటుకొద్దీ టెయిల్ ల్యాంపు ఎర్త్ వైరు బాడీకే స్క్రూ కొట్టేశాను, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మినుకుమినుకుమంటోంది, స్విచ్చులన్నీ విప్పి ఒక రాత్రంతా వెతికాక గానీ దొరకలేదు. ప్రతి ల్యాంపుకీ, పెట్రోలు గేజీకీ విడిగా ఎర్త్ వైరు ఛాసిస్ దాకా లాగాలి. ఛాసిస్ నుంచి బ్యాటరీ నెగిటివ్‌కి లావు కేబులు వేయాలి.

ఇక "బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఏదో చెప్పుకుంటే రోడ్డెక్కించేయొచ్చు" అనే మాట అస్సలు నమ్మకండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. షోలకి, సొంత స్థలంలో తిప్పుకోవడానికే చేయించుకోండి. నా ట్రక్కునైనా ఎక్కడికి తీసుకెళ్లాలన్నా ట్రాలీ మీదే ఎక్కిస్తాను.