"ఎన్ని అంగుళాలు వేస్తావన్నా?" క్యాంపర్ బాడీపై అపోహలు – వాస్తవాలు

వారానికి రెండు ఫోన్లయినా వస్తాయి. ఒకటి బెంగళూరు నుంచి, ఇంకొకటి హైదరాబాద్ నుంచి. 44వ నంబరు హైవే మీద మా అనంతపురం ఇద్దరికీ దారిలోనే పడుతుంది మరి. ఒకరు ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొని ఉంటారు, ఇంకొకరు పాత మిలిటరీ లారీని వేలంలో పట్టుకొచ్చి ఉంటారు. వెనకాల పడుకోవడానికి, వండుకోవడానికి ఒక గది, అంటే క్యాంపర్ బాడీ, కట్టించుకోవాలి. అందరూ మొదట అడిగేది ఒకటే: "ఇన్సులేషన్ ఎన్ని అంగుళాలు వేస్తావన్నా?" రెండు అంటే మొహం వాడిపోతుంది. "ఫలానా చోట నాలుగు వేస్తామన్నారే!"

నేను చీనీకాయల లారీలకు బాడీలు కట్టి, తర్వాత పాల వ్యాన్లు కట్టి, చివరికి ఈ క్యాంపర్ల పనిలో పడినవాణ్ణి. ఈ అంగుళాల పిచ్చి వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు ఇంక దేనివల్లా పోగొట్టుకోవడం నేను చూడలేదు. అందుకే ఎక్కువ దాని గురించే రాస్తాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: గోడ ఎంత మందంగా ఉంటే లోపల అంత చల్లగా ఉంటుంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన మట్టి మిద్దెల నుంచి. మా అవ్వ వాళ్ల మిద్దెకు గోడలు రెండడుగుల మందం, పైన చౌడు మట్టి. మే నెల మిట్టమధ్యాహ్నం లోపలికి పోతే ప్రాణం లేచొచ్చేది. కానీ గుర్తు చేసుకోండి, రాత్రి ఆ ఇంట్లో ఎవరైనా పడుకునేవారా? చాపలు, దిండ్లు చంకన పెట్టుకొని అందరూ మిద్దె పైకే. పగలంతా మింగిన వేడిని ఆ గోడలు రాత్రి లోపలికి వదులుతాయి. మట్టి వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. దాని బరువు చేసే పని అది.

థర్మోకోల్‌కు గానీ పఫ్‌కు గానీ (పాలియురేథేన్ ఫోమ్‌నే మేం పఫ్ అంటాం) ఆ బరువు లేదు. అవి వేడిని మెల్లగా పోనిస్తాయి, అంతే. లోపల ఇద్దరు మనుషులు, ఒక స్టవ్, ఒక ఫ్రిజ్ ఉండి కిటికీలన్నీ బిగించారనుకోండి, మంచి ఇన్సులేషన్ ఉన్న బాడీ రాత్రి పదింటికి రేకుల షెడ్డు కన్నా ఎక్కువ ఉడుకుతుంది. ఆ వేడి బయటికీ పోలేదు కదా. పైకప్పులో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, కింద గాలి వచ్చే దారి లేకుండా అంగుళాల గురించి మాట్లాడటం దండగ.

సరే, మందం పెంచితే ఆ మేరకైనా లాభం ఉండాలి కదా అంటారు. ఉండాలి. ఉండదు. ఎందుకంటే గోడలో ఫోమ్ ఒక్కటే లేదు, ఇనుప పైపులు కూడా ఉన్నాయి.

మామూలుగా ఏం చేస్తారు? నలభై మి.మీ. చదరపు పైపులతో పంజరం వెల్డింగ్ చేస్తారు, రెండడుగులకు ఒకటి చొప్పున నిలువుగా, అడ్డంగా. బయట రేకు, లోపల ప్లైవుడ్ నేరుగా ఆ పైపులకే బిగిస్తారు. పైపుల మధ్య ఖాళీల్లో ఫోమ్ కూరుతారు. చూడటానికి గోడంతా నిండిపోయినట్టే ఉంటుంది. కానీ ఇనుము వేడిని థర్మోకోల్ కన్నా వెయ్యి రెట్లకు పైగా సులువుగా మోస్తుంది. లెక్క వేసి చూడండి: ఆ పంజరంలో పైపులు ఆక్రమించేది గోడలో ఎనిమిదో వంతు. లోపలికొచ్చే వేడిలో సగానికి పైగా వచ్చేది వాటి గుండానే. మిగిలిన సగం లోపు వేడిని ఆపడానికి మీరు ఇంకా మందమైన ఫోమ్‌కు డబ్బు పోస్తున్నారు. బకెట్ అడుగున చిల్లు పెట్టుకొని గోడలు ఎత్తు పెంచినట్టు.

మందు చాలా చౌక. లోపలి ప్లై బిగించే ముందు పైపుల మీద ఇరవై మి.మీ. ఎక్స్‌పీఎస్ పట్టీ వేయండి, అది థర్మోకోల్ జాతిదే, ఇంకా గట్టి ఫోమ్. కుదిరితే గోడంతా అతుకు లేకుండా షీటే వేయండి. ఇనుము లోపలి ప్లైని ఎక్కడా ముట్టకూడదు. ఈ ఒక్క పనితో పైపుల గుండా వచ్చే వేడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంకో రెండంగుళాల ఫోమ్ ఖర్చుతో పోలిస్తే ఇదెంత?

మీ బాడీలో ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి నన్ను పిలవక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి లోపల నిలబడి గోడ మీద అరచేయి మెల్లగా జరపండి. వేడి గీతలు చేతికి తగులుతాయి. టెంపరేచర్ గన్ ఉంటే ఇంకా మంచిది. కానీ బయట మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ అబద్ధం చెబుతుంది, ముందు ఒక నల్ల టేపు ముక్క అతికించి దాని మీద చూడండి.

ఇదంతా మన ఎండల సంగతి. అసలు దెబ్బ చలి ప్రాంతానికి పోయినప్పుడు తగులుతుంది.

కడప నుంచి ఒక సారు వచ్చారు, రిటైరైన లెక్చరర్. పెన్షన్ డబ్బుల్లోంచి తీసి వేరేచోట క్యాంపర్ కట్టించుకున్నారు. మూడంగుళాల పైపులు, మధ్యలో మూడంగుళాల పఫ్. మొదట గండికోట పోయి, పెన్నా లోయ అంచున రెండు రాత్రులు పడుకున్నారు, ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఆయనా, అమ్మగారూ అక్టోబరులో హిమాచల్ కొండల్లోని స్పితి పోయారు. మూడో రోజుకు పరుపు అంచులు తడి. తిరిగొచ్చేసరికి పరుపు వెనక ప్లై నల్లబడిపోయింది. రూఫ్ కారుతోందని ఒకచోట సిలికాన్ పూశారు. ఇంకోచోట పైరేకు మొత్తం ఊడదీసి మళ్లీ వేశారు. డిసెంబరులో మళ్లీ కొండల్లోకి పోతే మళ్లీ తడి. నా షెడ్డుకు వచ్చేసరికి సారు మాట్లాడే స్థితిలో లేరు. అమ్మగారే చెప్పారు, "ఈయన నిద్రపోయి నెలయింది నాయనా" అని.

"సార్, అక్కడ వాన పడిందా?" అని అడిగాను.

"ఒక్క చుక్క లేదు."

"మరి కారిందెక్కడి నుంచి సార్?"

ఆయన నా మొహం చూశారు. నేను పరుపు తీసి ప్లై చూపించాను. మచ్చలు ఎక్కడపడితే అక్కడ లేవు. నిలువుగా, రెండడుగులకు ఒకటి, గీత గీసినట్టు ఉన్నాయి. లోపలున్న పైపులన్నీ ప్లై మీద అచ్చు పడ్డాయి.

చల్లని నీళ్లు పోసిన చెంబుకు చెమట పట్టడం చూస్తాం కదా, ఇదీ అదే. బయట గడ్డకట్టే చలి, ఆ చలి పైపు గుండా ప్లై దాకా వచ్చేసింది. లోపల ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకుంటే ఊపిరి, చెమట కలిపి అర లీటరుకు పైగా నీరు గాలిలో కలుస్తుంది. గ్యాస్ మీద వండితే ఇంకా. కిలో గ్యాస్ మండితే సుమారు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. చలికి కిటికీలన్నీ బిగించేశారు. ఆ ఆవిరంతా పోయి చల్లగా ఉన్నచోట నీరయింది. గండికోటలో ఎందుకు కాలేదంటే అక్కడ పైపులు అంత చల్లబడలేదు. సిలికాన్ ఎన్ని ట్యూబులు పూసినా లోపల పుట్టే నీటికి అది మందు కాదు.

ప్లై మొత్తం తీసేశాం. పైపులకు తుప్పు గీకి ప్రైమర్ కొట్టి, పట్టీలు వేసి, లోపలి వైపు అతుకులన్నిటికీ టేపు వేసి, కొత్త ప్లై బిగించాం. రూఫ్‌లో ఫ్యాన్ పెట్టాం. ఆయన ముందు రెండుచోట్ల కట్టిన డబ్బు కన్నా మా పనికే తక్కువైంది. గొప్ప చెప్పుకోవడం కాదు. నేను కట్టిన మొదటి క్యాంపర్‌లోనూ ఇదే తప్పు చేశాను, సొంత ఖర్చుతో విప్పి కట్టిచ్చాను. సిగ్గేమిటంటే, అప్పటికే నేను పాల వ్యాన్లు కడుతున్నాను. పాల వ్యాన్ గోడలో ఇనుప పంజరం ఉండదు. రెండు ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్) షీట్ల మధ్య పఫ్ అతికిన ప్యానెలే గోడ, అదే బలం. అది తెలిసీ, క్యాంపర్ అనగానే "ఆఫ్‌రోడ్ కదా, రోడ్డు లేనిచోట తిరగాలి కదా, ఇనుము లేకపోతే ఎట్లా" అని పంజరం కట్టాను.

అపోహ: ఆఫ్‌రోడ్ బండి కాబట్టి బాడీని ఛాసీకి (బండి అడుగు చట్రానికి) ఎన్ని బోల్టులతో బిగిస్తే అంత గట్టి.

తప్పు. లారీ ఛాసీ మెలితిరగడానికే తయారైంది. ఒక ముందు చక్రం బండరాయి ఎక్కితే ఛాసీ తాడులా తిరుగుతుంది, అలా తిరగాలి కూడా. మన క్యాంపర్ పెట్టె తిరగదు. రెంటినీ పన్నెండుచోట్ల బిగిస్తే ఏదో ఒకటి లొంగాలి. ముందు తలుపు పట్టేస్తుంది, తర్వాత కిటికీ మూల పగులుతుంది, చివరికి బాడీ మూలలో వెల్డింగ్ విడిపోతుంది. అప్పుడు జనం ఏం చేస్తారు? ఇంకో యాంగిల్ కొట్టిస్తారు! దానితో బరువు పెరిగె, వేడి లోపలికొచ్చే దారి ఇంకొకటి పెరిగె, పగులు పక్కకు జరిగె.

సబ్‌ఫ్రేమ్ (ఛాసీకీ బాడీకీ మధ్య ఇంకో చట్రం) వేసి బాడీని మూడు పాయింట్ల మీద కూర్చోబెట్టాలి, లేదా వెనక గట్టిగా బిగించి ముందు వైపు స్ప్రింగ్ బోల్టులు పెట్టాలి. మా పాత మేస్త్రీలు లారీ బాడీ కింద కొయ్య దూలం పరిచి యూ బోల్టులతో పట్టి ఉంచేవాళ్లు. చదువులేనివాళ్లని నవ్వుకున్నాం. ఆ కొయ్యే మెలికను మింగేది. ఇంకోమాట, ఛాసీ పై, కింది అంచుల్లో డ్రిల్లు పెట్టనీయకండి, వెల్డింగ్ అసలే వద్దు. కంపెనీల బాడీ బిల్డింగ్ పుస్తకాల్లో రాసి ఉండేదే ఇది. ఎవరైనా పెడతానంటే బండి తీసుకొని వచ్చేయండి.

ఇక మిగతావి.

వెండి రేకు బబుల్ షీటు వేస్తే చాలంటారు. అది పని చేయాలంటే మెరిసే వైపు గాలి ఖాళీ ఉండాలి. రేకుకూ ప్లైకీ మధ్య నొక్కి పెడితే అది నాలుగు మి.మీ. ప్లాస్టిక్, అంతే.

గ్లాస్ ఊల్ ఇంటికి మంచిదే. బండిలో కుదుపులకు కిందికి జారి కూర్చుంటుంది, తడిస్తే ఆరదు. నేను వేయను.

థర్మోకోల్‌ను సింథటిక్ రబ్బరు జిగురుతో అతికిస్తే జిగురు దాన్ని తినేస్తుంది. ఒక కుర్రాడు సొంతంగా వీడియోలు చూసి చేసుకొని, నెల తర్వాత ప్లై విప్పితే షీటు వెనకంతా గుంతలు. పైగా మన ఎండకు ముదురు రంగు పైరేకు డెబ్బై డిగ్రీలు దాటడం నేను చూశాను, ఆ వేడికి థర్మోకోల్ మెత్తబడే దగ్గరికొస్తుంది. పైకప్పుకు అది వద్దు. రంగు తెలుపు వేయండి. మిలిటరీ ఆకుపచ్చ ఫొటోలకు బాగుంటుంది, పడుకునేది మీరు. సోలార్ ప్యానెల్‌ను రూఫ్‌కు అంటించకుండా రెండంగుళాలు పైకి లేపి పెడితే అదే పందిరవుతుంది.

బరువు సంగతి ఎవరూ అడగరు. పద్దెనిమిది మి.మీ. ప్లై షీటు ఒకటి సుమారు ముప్ఫై ఐదు కిలోలు. నూరు లీటర్ల నీళ్లు నూరు కిలోలు. అల్మారాలన్నీ పద్దెనిమిది మి.మీ.లో కావాలంటే పికప్ మోసే బరువు అక్కడే అయిపోతుంది, ఇక మీరు ఇంట్లోనే ఉండాలి.

పఫ్ వల్ల పిల్లలకు జబ్బులొస్తాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఎనిమిది నెలల పాపతో ఒక జంట వచ్చి ఈ మాటే భయంభయంగా అడిగారు. భయపడటం తప్పు కాదు, పాప కదా. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను: కొట్టేటప్పుడు వచ్చే ఆవిరి నిజంగా చెడ్డది, అందుకే మా కుర్రాళ్లు మాస్కులు పెట్టుకొని కొడతారు. పూర్తిగా గట్టిపడ్డాక అది గోడలో ఊరికే ఉంటుంది. కొన్నాళ్లు తలుపులు తెరిచి ఉంచి, వాసన పోయాక ఎక్కండి. కానీ నిప్పంటుకుంటే దాని పొగ విషం. కాబట్టి భయపడాల్సింది గ్యాస్ పైపు గురించి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద నిలుస్తుంది. సిలిండర్ పెట్టే గూటి అడుగు భాగంలో కిందికి, బయటికి రంధ్రం ఉండాల్సిందే.

కాగితాలు: "ఎవరు చూస్తారన్నా" అనేవాళ్లకు నేను పని చేయను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. రేకు కోయక ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడండి, కోశాక కాదు.

లెక్చరర్ సారు మొన్న ఫోన్ చేశారు. ఈ చలికాలం మళ్లీ స్పితి పోతారట. "రాత్రంతా ఫ్యాన్ కొంచెం తిప్పమంటున్నావు, పైన సందు తెరవమంటున్నావు, చలి లోపలికి రాదా అబ్బీ?" అని అడిగారు. వస్తుంది సార్, అమ్మగారికి ఒక రగ్గు ఎక్కువ పెట్టుకోండి అన్నాను.