ఖాళీ మైకు ముందు ఫ్రీ బర్డ్: లెనర్డ్ స్కినర్డ్ పేరు ఎవరిది?

అమెరికన్ రాక్ బ్యాండ్ లెనర్డ్ స్కినర్డ్ ఇప్పటి కచేరీ చివర్లో ఫ్రీ బర్డ్ పాట మొదలవుతుంది. కాసేపు జానీ వాన్ జాంట్ పాడతాడు, తర్వాత వెనకున్న పెద్ద స్క్రీన్ మీద వాళ్ల అన్న, ఈ బ్యాండ్ మొదటి గాయకుడు రోనీ వస్తాడు, వినిపించే గొంతు కూడా రోనీదే, 1977లో పోయిన మనిషిది. ఆ పాటను మొదట రికార్డు చేసినవాళ్లలో ఇవాళ స్టేజీ మీద ఒక్కరూ లేరు. 2023 మార్చి 5న గిటారిస్టు గ్యారీ రాసింగ్టన్ చనిపోయాడు, మిగిలిన ఆ ఒక్కడూ పోయాడు. అయినా బ్యాండ్ ఆగలేదు, అదే ఏడాది జీజీ టాప్ (ZZ Top) అనే ఇంకో రాక్ బ్యాండ్‌తో కలిసి టూర్ చేసింది. అసలువాళ్లు ఎవరూ లేనప్పుడు ఆ పేరు ఎందుకు పెట్టుకోవాలి అన్న గొడవ అప్పట్నుంచీ అభిమానుల మధ్య నడుస్తూనే ఉంది. అయితే 2023 నుంచి చూస్తే ఈ గొడవ అర్థం కాదు, నలభై ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ పేరు సంగతి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కుర్రాళ్లు 1964లో మొదలుపెట్టిన గుంపు ఇది, చాలా పేర్లు మార్చుకుంది. వాళ్ల హైస్కూల్లో లెనర్డ్ స్కిన్నర్ అని ఒక పీటీ మాస్టారు ఉండేవాడు, మగపిల్లలు జుట్టు పెంచితే ఊరుకునేవాడు కాదు. ఆయన మీద కోపంతో ఆయన పేరునే అక్షరాలు అటూ ఇటూ మార్చి పెట్టేసుకున్నారు. 1973లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి ఆ పేరును ఎలా పలకాలో చెప్పే మాటనే టైటిల్‌గా పెట్టాల్సి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో చివరి పాట ఫ్రీ బర్డ్, తొమ్మిది నిమిషాలకు పైనే. ఇప్పటి కుర్రకారులో చాలామంది ఒక బ్రిటిష్ స్పై సినిమాలో చర్చి ఫైట్‌కి వాడిన గిటార్ సోలోగా దాన్ని గుర్తుపడతారు. ఆ పాట మొదట్లో వచ్చే పియానో ముక్క బిల్లీ పావెల్‌ది. అతను అప్పట్లో వీళ్ల సామాను మోసే రోడీ. ఒక స్కూల్ ఫంక్షన్‌లో బ్రేక్ దొరికినప్పుడు పియానో దగ్గర కూర్చుని ఊరికే వాయిస్తుంటే రోనీ విని బ్యాండ్‌లోకి తీసుకున్నాడు.

స్టూడియోలో ఎంత బాగా చేసినా వీళ్ల అసలు బలం స్టేజీ మీదే. అప్పట్లో రాక్ బ్యాండ్లలో ఇద్దరు గిటారిస్టులుంటే ఎక్కువ, వీళ్లకు ముగ్గురు. అలెన్ కాలిన్స్, రాసింగ్టన్, మొదట ఎడ్ కింగ్, అతను వెళ్లిపోయాక స్టీవ్ గెయిన్స్. ముగ్గురు వాయిస్తున్నా ఒకరి మీద ఒకరు పడకుండా ఎవరి చోటు వాళ్లకు ముందే ఉండేది, ఎందుకంటే రోనీ వాళ్లను గంటల తరబడి రిహార్సల్ చేయించేవాడు. రోనీ కాళ్లకు చెప్పులుండవు, తలమీద టోపీ, పెద్దగా గంతులు వేయడు, నిలబడి పాడతాడు అంతే. 1976 జులై 7, 8, 9 తేదీల్లో అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌లో మూడు రాత్రులు చేసిన కచేరీలే లైవ్ ఆల్బమ్‌గా వచ్చాయి, ప్రొడ్యూసర్ టామ్ డౌడ్. 1929లో కట్టిన ఆ థియేటర్‌ని అప్పటికి కూల్చకుండా కాపాడుకోవాలని ఊరివాళ్లు పోరాడుతున్నారు. స్టీవ్ గెయిన్స్ బ్యాండ్‌లో చేరి అప్పటికి కొద్ది వారాలే. ఆ రికార్డులో రోనీ జనాన్ని 'ఏ పాట వినాలి మీకు?' అని అడుగుతాడు, జనం ఒక్కసారిగా ఒకే పేరు అరుస్తారు. నేను ఎన్నిసార్లు విన్నా ఆ అరుపు దగ్గర ఒళ్లు జలదరిస్తుంది. ఆగస్టు 21న ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో రోలింగ్ స్టోన్స్ కంటే ముందు వాయించిన ఫ్రీ బర్డ్ వీడియో కూడా చూడండి, చివరి సోలోలో కాలిన్స్ ఎలా ఊగిపోతాడో మాటల్లో చెప్పలేను.

ఆ తర్వాత పద్నాలుగు నెలలే.

1977 అక్టోబర్ 17న కొత్త ఆల్బమ్ విడుదలైంది, కవర్ మీద బ్యాండ్ మొత్తం మంటల మధ్య నిలబడి ఉంటుంది. 20వ తేదీన సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి లూసియానాలోని బాటన్ రూజ్‌కి వెళ్తున్న వాళ్ల కాన్వెయిర్ విమానంలో ఇంధనం అయిపోయి మిసిసిపీలోని గిల్స్‌బర్గ్ దగ్గర అడవిలో కూలింది. లోపల 26 మంది. రోనీ, స్టీవ్ గెయిన్స్, అతని అక్క గాయని క్యాసీ, రోడ్ మేనేజర్ అసిస్టెంట్ డీన్ కిల్‌పాట్రిక్, ఇద్దరు పైలట్లు చనిపోయారు. రోనీకి 29 ఏళ్లు. డ్రమ్మర్ ఆర్టిమస్ పైల్ దెబ్బలతోనే నడుచుకుంటూ వెళ్లి సాయం తెచ్చాడు. మంటల కవర్‌ని వెంటనే ఆపేసి నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో మళ్లీ అచ్చేశారు.

ఇవాళ్టి గొడవకు వేరు ఇక్కడుంది. బతికి బయటపడ్డవాళ్లు, రోనీ భార్య జూడీ, స్టీవ్ భార్య తెరెసా కలిసి ఇక లెనర్డ్ స్కినర్డ్ పేరు వాడకూడదని ఒక మాట అనుకున్నారు. ఆ మాట మీద నిలబడ్డారు కూడా. రాసింగ్టన్, కాలిన్స్ కొత్త బ్యాండ్ పెట్టుకున్నప్పుడు రోనీతో ఎవరూ పోల్చకుండా ఉండాలని డేల్ క్రాంట్జ్ అనే అమ్మాయిని గాయనిగా తెచ్చుకున్నారు. 1979 జనవరిలో కంట్రీ గాయకుడు ఛార్లీ డేనియల్స్ నిర్వహించిన వాలంటీర్ జామ్ కచేరీలో రాసింగ్టన్, కాలిన్స్, పావెల్, పైల్ కలిసి ఫ్రీ బర్డ్ వాయించారు, వాయించారంతే, ఎవరూ పాడలేదు.

పదేళ్లకు, 1987లో, ట్రిబ్యూట్ టూర్ అన్నారు. రోనీ తమ్ముడు జానీ పాడటానికి ఒప్పుకున్నాడు, కానీ ఫ్రీ బర్డ్ మాత్రం పాడనన్నాడు. స్టేజీ మధ్యలో ఖాళీగా ఒక మైకు, దాని మీద రోనీ టోపీ, బ్యాండ్ వాయిస్తుంటే మాటలన్నీ జనమే పాడేవాళ్లు. కాలిన్స్ 1986 కారు ప్రమాదంలో నడుం కిందంతా చచ్చుబడి గిటార్ పట్టలేని స్థితిలో ఉన్నాడు, అయినా మ్యూజిక్ డైరెక్టర్‌గా వెంట ఉన్నాడు, 1990లో పోయాడు. ఈ నలభై ఆరేళ్ల కథలో పోయినవాళ్లకు దక్కాల్సిన గౌరవం పూర్తిగా దక్కింది ఆ ఖాళీ మైకు దగ్గరే అని నా గట్టి నమ్మకం. తర్వాత్తర్వాత జానీ ఆ పాట కూడా పాడటం మొదలుపెట్టాడు. తమ్ముడు కదా, అతన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు.

అయితే టూర్‌తో పాటు ఆ పేరుతో లైవ్ రికార్డు కూడా వస్తోంది, పేరు వాడబోమని అనుకున్న మాట ఏమైంది అంటూ జూడీ కోర్టుకెళ్లింది. 1988లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో రాజీ కుదిరింది. ఆ పేరుతో కచేరీ చేయాలంటే ప్రమాదానికి ముందు బ్యాండ్‌లో ఉన్నవాళ్లు కనీసం ముగ్గురు స్టేజీ మీద ఉండాలి. అభిమానులు దీన్ని 'ముగ్గురి రూల్' అంటారు. ఆ భార్యలు పాటల్ని ఆపమని అడగలేదు, ఆ పాటల్ని పుట్టించినవాళ్లు కొందరైనా ఎదురుగా ఉండాలని అడిగారు. నాకైతే ఇందులో ఒక్క తప్పూ కనిపించదు.

కానీ మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు. పైల్ 1991లో వెళ్లిపోయాడు. ఎడ్ కింగ్ గుండె జబ్బుతో 1996లో తప్పుకున్నాడు. బేస్ వాయించే లియాన్ విల్కిసన్ 2001లో పోయాడు. 1971-72లో కొన్నాళ్లు వీళ్లకు డ్రమ్స్ వాయించిన రికీ మెడ్లాక్ అప్పటికే గిటారిస్టుగా తిరిగొచ్చాడు కాబట్టి అతన్ని కలిపితే లెక్క ముగ్గురికి సరిపోయేది. 2009 జనవరిలో బిల్లీ పావెల్ పోయాక ఆ లెక్క కూడా తప్పింది. బ్యాండ్ ఆగలేదు. నాకు బాధ కలిగించేది ఇక్కడే, 2023 కాదు. ఆ రోజే బయటికొచ్చి 'ఇకనుంచి ఇది ట్రిబ్యూట్' అని ఒక్క మాట చెప్పుంటే చాలామంది మనసు కుదుటపడేది.

విచిత్రం ఏంటంటే ఆ 1988 రాజీ కాగితం ఇంకోచోట బాగా పనిచేసింది. పైల్ తాను చూసిన ప్రమాదం గురించి ఒక కంపెనీతో సినిమా తీయిస్తుంటే, ఆ రాజీ చూపించి జూడీ, రాసింగ్టన్ వాళ్లు 2017లో ఆపించారు. కోర్టు ఆర్డర్ ఇచ్చింది కూడా. 2018లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. తన జీవితం గురించి చెప్పుకోవచ్చు గానీ బ్యాండ్ చరిత్ర చెప్పకూడదు అంటే ఎలా, ఆ ప్రమాదం రెండింటిలోనూ ఉంది కదా అన్నది అక్కడి వాదన. సినిమా 2020లో వచ్చింది. పైల్ ఇప్పుడు తన పేరుతో సొంత బ్యాండ్ పెట్టుకుని అవే పాటలు వాయిస్తున్నాడు.

జానీ, మెడ్లాక్ ఏమంటారంటే ఈ సంగీతం ఆగకూడదన్నది రాసింగ్టన్ కోరిక అని. అది నేను నమ్ముతాను. 2018లో వీడ్కోలు టూర్ అని మొదలుపెట్టి కూడా అతను ఆపలేకపోయాడు. 2021లో అర్జెంటుగా గుండెకు చికిత్స జరిగాక అన్ని షోలకూ వెళ్లే ఓపిక లేకపోయినా వీలైనప్పుడల్లా వచ్చి వాయించి వెళ్లేవాడు. చివరిసారి 2022 నవంబర్ 13న, నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో. అదంతా రికార్డు చేశారు, 2025లో విడుదలైంది. నాలుగు నెలలు తిరక్కుండానే పోయాడు. ఫాక్స్ రికార్డు విన్న వెంటనే ఇది పెట్టుకుని వినండి, 46 ఏళ్ల తేడాతో రెండింట్లోనూ ఉన్నది అతనొక్కడే.