పట్టుకు నీళ్లు శత్రువు కాదు: ఇంట్లో పట్టు బట్టలు ఉతకడంపై అపోహలు - వాస్తవాలు

బట్టల శుభ్రత వృత్తిలో ఉన్న నా దగ్గరికి పాడైన పట్టు తరచుగా వస్తుంటుంది. అందులో కేవలం నీటి వల్ల చెడిపోయింది చాలా తక్కువ. రుద్దడం వల్ల, ఘాటైన సబ్బు వల్ల, ఎండ వల్ల, మరకను నెలల తరబడి పట్టించుకోకపోవడం వల్ల చెడిపోయిందే ఎక్కువ. అయినా నింద మాత్రం నీటి మీదే పడుతుంది. ఆ భయంతో కొందరు గంటసేపు తొడిగిన చొక్కాను కూడా డ్రై క్లీనింగ్‌కు పంపిస్తారు. ఇంకొందరు అసలు ఉతక్కుండానే మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఈ రెండో అలవాటు పట్టుకు చేసే హాని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: నీళ్లు తగిలితే పట్టు పాడైపోతుంది

పట్టుగూళ్లను వేడినీటిలో మెత్తబరిస్తేనే దారం ఊడి వస్తుంది. ముడి పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు సెరిసిన్ అనే జిగురే. దాన్ని వదిలించడానికి సబ్బునీటిలో, మరిగే వేడికి కాస్త తక్కువలో ఉడికిస్తారు. తరువాత రంగు అద్దేది కూడా వేడినీటి తొట్టిలోనే. ఇన్నిటిని తట్టుకుని వచ్చిన పోగుకు బకెట్టు చల్లని నీళ్లతో వచ్చే ముప్పు లేదు.

అయితే పోగు వేరు, దానితో తయారైన బట్ట వేరు. క్రేప్, జార్జెట్, షిఫాన్ బట్టల్లో దారానికి గట్టి పురి పెడతారు. తడవగానే ఆ పురి ముడుచుకుని బట్ట కురచవుతుంది. టఫెటా తడిస్తే బిరుసుదనం పోయి ముడతలు పడుతుంది. వెల్వెట్ నూగు అణిగిపోతుంది. లోపల వేరే రకం లైనింగ్ ఉన్న కోటు తడిస్తే, పై బట్ట ఒక తీరుగా, లోపలిది మరో తీరుగా ముడుచుకుంటాయి. జరీ, పూసలు, అచ్చు అద్దకం పనులు ఉన్నవాటి జోలికి ఇంట్లో వెళ్లకపోవడమే మంచిది. సాదా నేత చొక్కాలు, స్కార్ఫులు, లోదుస్తులు, దిండు గలేబులను మాత్రం చాలావరకు నిశ్చింతగా ఉతుక్కోవచ్చు.

లేబుల్ తప్పకుండా చూడండి. తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేతితో ఉతకవచ్చు. తొట్టి మీద అడ్డంగా కొట్టివేత గుర్తు ఉంటే నీళ్లలో వేయకూడదు. లేబుల్ అనుమతించినా రంగు పరీక్ష మానకండి. ఉతకబోయే డిటర్జెంట్ నీళ్లలో తెల్లని నూలుగుడ్డ తడిపి, లోపలి కుట్టు దగ్గర ఒక నిమిషం నొక్కి పట్టండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను ఇంట్లో ఉతకాలన్న ఆలోచన మానుకోండి. బట్టలో నాలుగు రంగులుంటే నాలుగింటినీ విడివిడిగా పరీక్షించాలి. తెల్లని బట్టకు ఎరుపు అంచు ఉన్న స్కార్ఫుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

అపోహ: మరక పడిన చోట తడిగుడ్డతో రుద్దేస్తే సరిపోతుంది

అన్నిటికన్నా ఎక్కువ పట్టును పాడుచేసేది ఇదే అని నా అభిప్రాయం. దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతుంది.

మొదటిది నీటి వలయం. ఒక్కచోట తడిపినప్పుడు బట్టలోని పూత, సన్నని దుమ్ము, కాస్త రంగు నీటితోపాటు తడి అంచు దాకా జరుగుతాయి. నీరు ఆరిపోయాక అక్కడే గీతగా మిగిలిపోతాయి. మరక పోయినా వలయం మిగులుతుంది. దీనికి పరిష్కారం ఉంది: ఉతకదగిన బట్టయితే మొత్తాన్ని ఒకేసారి తడిపి ఉతికితే వలయం చాలావరకు పోతుంది.

రెండో నష్టానికి మందు లేదు. తడిసిన పట్టు తన బలంలో దాదాపు ఐదో వంతు దాకా కోల్పోతుంది. ఆ స్థితిలో రుద్దితే పోగు చీలి, కంటికి కనిపించనంత సన్నని నూగు లేస్తుంది. ముదురు నీలం, నలుపు, మెరూన్ బట్టల మీద అది తెల్లని బూజులా కనిపిస్తుంది. రంగు పోయిందనుకుని మళ్లీ రంగు వేయించమని అడుగుతారు. రంగు ఎక్కడికీ పోలేదు, పోగే చిట్లింది. మేము నూనె పూతలాంటిది పూసి కొంత కప్పగలం, అంతకుమించి ఏమీ చేయలేం. అందుకే మరక పడగానే పొడి నూలుగుడ్డతో అద్దండి. అద్దడమే, రుద్దడం కాదు.

ఇంకో మాట. పళ్లరసం, కూల్‌డ్రింక్ ఒలికినప్పుడు ఆరాక ఏమీ కనిపించకపోవచ్చు. చక్కెర మాత్రం పోగులోనే ఉంటుంది. కొన్ని నెలలకో, వేడి ఇస్త్రీ పెట్టె తగిలినప్పుడో అది గోధుమరంగు మచ్చగా బయటపడుతుంది. కనిపించని మరకనే ముందుగా కడగాలి.

అపోహ: మామూలు డిటర్జెంట్ కొంచెం తక్కువ వేస్తే చాలు

తక్కువ వేసినా దాని గుణం మారదు. మామూలు బట్టల సబ్బు, పొడి కలిపిన నీటి పీహెచ్ (7 అంటే తటస్థం, అంతకు మించితే క్షారం) సాధారణంగా 9 నుంచి 11 మధ్య ఉంటుంది. పట్టు ప్రోటీన్ కాబట్టి క్షారం దాన్ని మెల్లగా తినేస్తుంది; మెరుపు తగ్గి, తాకితే గరుకుగా అనిపిస్తుంది. పైగా చాలా డిటర్జెంట్లలో ప్రోటీజ్ అనే ఎంజైమ్ కలుపుతారు. రక్తం, పాలు, గుడ్డు వంటి ప్రోటీన్ మరకలను విడగొట్టడం దాని పని. అది మరకలోని ప్రోటీన్‌కూ బట్టలోని ప్రోటీన్‌కూ తేడా చూడదు. పట్టు, ఉన్ని కోసం తయారైన, ఎంజైములు లేని తటస్థ ద్రవ డిటర్జెంట్ వాడండి. క్లోరిన్ బ్లీచ్ పట్టును అక్షరాలా కరిగించేస్తుంది. ఆ సీసాను దరిదాపుల్లో ఉంచకండి.

వెంట్రుకలు, పట్టు రెండూ ప్రోటీనే కాబట్టి షాంపూ సరైనదని చాలామంది చెబుతారు. ప్రయాణంలో వేరే దారి లేనప్పుడు గాఢత లేని సాదా షాంపూ రెండు చుక్కలు పనికొస్తాయి. కండిషనర్ కలిసిన షాంపూలు మాత్రం వద్దు. వాటిలోని సిలికోన్లు పోగు మీద పొరలా పేరుకుని మెరుపును మందగింపజేస్తాయి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ విషయమూ అంతే.

అపోహ: ఉప్పు, వినెగర్ వేస్తే రంగు గట్టిపడుతుంది

పట్టుకు ఎక్కువగా వాడే ఆమ్ల రంగులు అద్దకం సమయంలో, ఆమ్లం, వేడి కలిసి పనిచేసినప్పుడు పోగుకు పట్టుకుంటాయి. అప్పుడు పట్టని రంగును చల్లని నీళ్లలో కలిపిన వినెగర్ పట్టించలేదు. ఉప్పు అసలు పనికిరాదు. చెమటలోని ఉప్పే పట్టును బలహీనపరుస్తుంటే, ఇంకా ఉప్పులో నానబెట్టడం ఎందుకు?

వినెగర్‌కు మరో మంచి ఉపయోగం ఉంది. చివరి జాడింపులో ఐదు లీటర్ల నీటికి రెండు మూడు చెంచాల తెల్ల వినెగర్ కలిపితే, పోగులో మిగిలిన క్షారం విరుగుతుంది. నలిపినప్పుడు వినిపించే ఆ సన్నని సరసర శబ్దం కూడా తిరిగి వస్తుంది.

అపోహ: డ్రై క్లీనింగ్ ఎప్పుడూ సురక్షితం, అన్ని మరకలూ పోతాయి

అక్కడ నీటికి బదులు పెర్‌క్లోరోఎథిలీన్ వంటి ద్రావణిలో బట్టను తిప్పుతారు. నూనె, జిడ్డు చక్కగా వదులుతాయి. చెమట ఉప్పు, చక్కెర నీటిలో కరిగేవి. విడిగా తడి మందుతో మరక తీయకపోతే అవి అలాగే ఉండిపోతాయి. కాబట్టి బట్ట ఇచ్చేటప్పుడు ఎక్కడ, ఏది, ఎప్పుడు ఒలికిందో చెప్పండి. ఆ సమాచారం మాకు ఎంతో విలువైనది.

అపోహ: మెషీన్ కన్నా చెయ్యే మేలు

చేతిని బట్టి ఉంటుంది. గట్టిగా రుద్ది, మెలిపెట్టి పిండే చేతి కన్నా, లేబుల్ అనుమతించినప్పుడు జాలీ సంచిలో వేసి, 30 డిగ్రీల సున్నితమైన సెట్టింగులో, అతి తక్కువ స్పిన్‌తో తిప్పడమే నయం. జిప్పులు, కొక్కేలున్న బట్టలు అందులో ఉండకూడదు.

చేతితో అయితే నేను చెప్పే పద్ధతి ఇది. చల్లని లేదా గోరువెచ్చని నీళ్లలో ముందు డిటర్జెంట్ పూర్తిగా కరిగించి, ఆ తరువాతే బట్ట వేయాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు అరచేతితో మెల్లగా నొక్కుతూ కదిలించాలి. రాత్రంతా నానబెట్టకూడదు, వదులైన రంగు పక్క రంగులోకి పాకడానికి అంత సమయం ఇవ్వవద్దు. నీరు తేటగా వచ్చేదాకా జాడించాలి. బట్టను ఒక్క చోట పట్టి ఎత్తితే తడి బరువుకు సాగుతుంది కాబట్టి రెండు చేతులతో కిందనుంచి తీయాలి. పిండకుండా, తెల్లని పొడి తువ్వాలులో చుట్టి నొక్కితే నీరంతా తువ్వాలుకు వెళ్తుంది.

ఎండ, ఇస్త్రీ, బీరువా

ఎండలో ఆరేస్తే క్రిములు చస్తాయని పట్టును కూడా ఎండలో వేసేవాళ్లున్నారు. సహజ నారల్లో సూర్యకాంతికి త్వరగా లొంగేవాటిలో పట్టు ఒకటి. అతినీలలోహిత కిరణాలకు తెల్లపట్టు పసుపెక్కుతుంది, ఏ రంగు పట్టయినా బలహీనపడుతుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరేయండి.

కాస్త చెమ్మ ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయాలి. లేబుల్ మీద ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండు చుక్కలుంటే 150 డిగ్రీలు మించకూడదు. పూర్తిగా ఆరిన బట్ట మీద నీళ్లు చల్లితే మళ్లీ ఆ వలయాలే వస్తాయి. తడి తువ్వాలులో చుట్టి చెమ్మ ఎక్కనివ్వండి. పరిమళ ద్రవ్యాలు, డియోడరెంట్ ఒంటి మీద పూర్తిగా ఆరాకే పట్టు తొడుక్కోవాలి. చంకల దగ్గర పట్టు ముందుగా చిరగడానికి చెమటతోపాటు అవీ కారణమే.

దాచే ముందు తప్పనిసరిగా ఉతకండి లేదా శుభ్రం చేయించండి. బట్టలు కొరికే పురుగుల పిల్లలకు శుభ్రమైన పట్టు కన్నా చెమట, ఆహారం అంటిన పట్టే ఎక్కువ ఇష్టం. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చిక్కుకుంటుంది కాబట్టి ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి మడతలు మార్చండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది.